క్యాన్సర్ పేషెంటుకు ఫోన్‌లో తోడుండటం ఎలా: మొదటి కాల్ నుంచి చివరి కాల్ దాకా

"మీకు తగ్గిందిగా, మా వదినతో ఒకసారి మాట్లాడతారా?" ట్రీట్‌మెంట్ ముగించుకున్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫోన్ వస్తుంది. సరేనంటాం, నంబరు రాసుకుంటాం. తీరా ఏం మాట్లాడాలో తోచక ఆ చీటీ రెండు రోజులు ఫ్రిజ్ మీదే పడి ఉంటుంది.

నాది రొమ్ము క్యాన్సర్. ఎనిమిది కీమోలు, ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. అన్నీ అయిన ఏడాదిన్నరకు నా మొదటి కాల్ చేశాను. నలభై నిమిషాలు మాట్లాడితే అందులో ముప్పై అయిదు నిమిషాలు నా గొడవే. ఆవిడ మళ్లీ నా ఫోన్ ఎత్తలేదు. ఇక్కడ రాసినవాటిలో సగం అలా చెడగొట్టుకుని నేర్చుకున్నవే.

ఈ పనిలో మందులు చెప్పం, కౌన్సెలింగ్ చేయం. ఆ దారిన వెళ్లొచ్చిన మనిషిగా, ఫలానా రోజు ఫలానా టైముకి చేస్తానని చెప్పి, చెప్పిన టైముకి చేస్తాం. మిగతావన్నీ దాని తర్వాతే.

1. ఒప్పుకునే ముందు మీ సంగతి చూసుకోండి

ట్రీట్‌మెంట్ అయిపోయి కనీసం ఏడాది కాకముందు ఒప్పుకోవద్దని నా సలహా. అవతలి మనిషి "వాంతులు ఆగట్లేదండీ" అన్న క్షణాన మీకూ కడుపులో తిప్పినట్టయితే, మీ గాయం ఇంకా పచ్చిగానే ఉందన్నమాట. ఆరు నెలలు ఆగినా మునిగిపోయేదేం లేదు.

ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి:

- నా చెకప్ నెల రోజుల్లోపు ఉందా? ఉంటే అది అయ్యాకే కొత్త నంబరు తీసుకుంటాను.
- వారానికి ఒక అరగంట, మూడు నెలల పాటు ఇవ్వగలనా?
- కాల్ తర్వాత నా మనసు బరువెక్కితే ఎవరితో చెప్పుకుంటాను? పేషెంటు పేరు చెప్పకుండా మాట్లాడుకోగల ఒక మనిషి ఉండాలి.
- ఒకేసారి ఎంతమంది? మొదటి ఏడాది ఒక్కరు చాలు. నేను ఇప్పటికీ ముగ్గురు దాటను.

జోడీ కుదరడం కూడా ముఖ్యమే. ఒకే రకం క్యాన్సర్, దగ్గర దగ్గర వయసు ఉంటే మాట త్వరగా కలుస్తుంది. రొమ్ము, గర్భాశయం సంగతులు ఆడవాళ్లు ఆడవాళ్లతోనే చెప్పుకుంటారు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన పెద్దాయన "మూత్రం ఆగట్లేదు" అని నాతో అనలేడు, ఆయనకు మగమనిషే కావాలి. యాస కలిస్తే ఇంకా మంచిది. శ్రీకాకుళం అమ్మకు శ్రీకాకుళం గొంతు వినబడితే సగం బెరుకు అక్కడే పోతుంది.

2. నంబరు ఇచ్చినవాళ్లను ముందు అడగాల్సినవి

ఈ మెట్టు దాటేసి నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఒకాయన తన అత్తగారి నంబరు ఇచ్చాడు. ఫోన్ చేసి మామూలుగా "క్యాన్సర్ అనగానే నాకూ మీలాగే భయమేసిందమ్మా" అన్నాను. అవతల నిశ్శబ్దం. తర్వాత చిన్న గొంతుతో "గడ్డ అన్నారు కదమ్మా నాకు?" అంది. ఆమెకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మన ఇళ్లలో ఇది మామూలే. "అమ్మ తట్టుకోలేదు" అని పిల్లలు దాస్తారు. "పిల్లలు బెంగపడతారు" అని అమ్మ తనకు తెలిసినా తెలియనట్టు ఉంటుంది. అందుకే కాల్ చేసే ముందు ఇవి అడిగి తెలుసుకోండి:

- పేషెంటుకు జబ్బు పేరు తెలుసా? ఇంట్లో ఏ మాట వాడుతున్నారు: క్యాన్సర్, గడ్డ, కణితి, పుండు?
- నేను ఫోన్ చేస్తానని పేషెంటుకు చెప్పారా? సరే అన్నారా?
- ఇప్పుడు ఎక్కడున్నారు: పరీక్షల్లోనా, కీమో మధ్యలోనా, ఆపరేషన్‌కి ముందా?
- ఫోన్ ఎవరిది? సొంతమా, కొడుకుదా, ఇంటందరిదీనా?

జబ్బు పేరు తెలియకపోతే కాల్ చేయకండి. నంబరు ఇచ్చినవాళ్లతో ఇలా అనండి: "నేను అబద్ధం ఆడలేనండీ. ఆమె అడిగితే దాచలేను. డాక్టరు గారి దగ్గర కూర్చుని ఆమెకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడిగించండి, ఆ తర్వాత చేస్తాను." కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. నిజం చెప్పాల్సింది మీరూ కాదు, దాచాల్సిందీ మీరు కాదు.

పేషెంటు సరే అనకుండా ఇంట్లోవాళ్ల బలవంతం మీద చేసే కాల్ ఐదు నిమిషాలు కూడా నడవదు. "అవసరమైతే మీరే మిస్డ్ కాల్ ఇవ్వండి, నేను చేస్తాను" అని నంబరు ఇచ్చి వదిలేయండి. నెల తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఆ మిస్డ్ కాల్ వచ్చిన సందర్భాలు నాకున్నాయి.

3. ఫోన్ ఏర్పాట్లు

తెలియని నంబరు ఎత్తేవాళ్లు ఈ రోజుల్లో తక్కువ. లోన్ల వాళ్లనో మోసగాళ్లనో అనుకుంటారు. కాబట్టి ముందు మెసేజ్ పంపండి. చదవలేనివాళ్లకైతే అరనిమిషం వాయిస్ మెసేజ్. నేను పంపేది ఇది:

"నమస్తే అమ్మా. మీ మేనకోడలు మీ నంబరు ఇచ్చింది. నాకూ మీలాగే ట్రీట్‌మెంట్ జరిగింది. రేపు సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తాను. ఆ టైము వీలు కాకపోతే ఎప్పుడు చేయమంటారో చెప్పండి."

"క్యాన్సర్" అనే మాట అందులో రాయను. ఫోన్ ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదు.

- సాధ్యమైతే ఈ పనికి వేరే సిమ్ పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటాక దాన్ని సైలెంట్‌లో పెట్టొచ్చు.
- ఇంట్లో మీరు తలుపు వేసుకుని మాట్లాడే చోటు చూసుకోండి. బస్సులోంచి, పెళ్లింట్లోంచి చేయొద్దు.
- ఒక చిన్న నోట్‌బుక్. పేరు బదులు మీకు అర్థమయ్యే గుర్తు, కీమో తారీఖులు, తర్వాతి కాల్ టైము. అంతకుమించి రాయొద్దు.
- వీడియో కాల్ మీ అంతట మీరు అడగొద్దు. జుట్టు ఊడినవాళ్లు, ముఖం ఉబ్బినవాళ్లు అడగకముందే కెమెరాకు భయపడతారు.

నోటి క్యాన్సర్, గొంతు ఆపరేషన్ అయినవాళ్లలో కొందరు మాట్లాడలేరు. వాళ్లతో వాట్సాప్‌లో రాసుకోవచ్చు. రాయడం రాకపోతే మీరు మాట్లాడుతుంటే వాళ్లు ఫోన్ మీద తట్టాలి: ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. ఒక పెద్దాయనతో నేను మూడు నెలలు అలాగే నడిపాను. ఆయనకు నచ్చని మాట అంటే గబగబా పదిసార్లు తట్టేవాడు.

ఇక అమెరికా నుంచి అమ్మకు ఫోన్ చేసే పిల్లలు కూడా నన్ను అడుగుతుంటారు. వాళ్లకు ఒక్కటే మాట. ఎండాకాలంలో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పొద్దున్న ఆరున్నర. రాత్రంతా నిద్రపట్టక తెల్లారి కునుకు తీసే పేషెంటును ఆ టైముకి లేపొద్దు. మీ పొద్దున్న ఎనిమిదికి చేయండి, ఇక్కడ సాయంత్రం ఆరున్నర అవుతుంది.

4. మొదటి కాల్: ఇరవై నిమిషాలు, ఈ వరసలో

మొదటి నిమిషం. మీరెవరో చెప్పి, "ఇప్పుడు మాట్లాడటానికి వీలేనా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. స్పీకర్ ఆన్‌లో ఉంటే పేషెంటు ఇంట్లోవాళ్ల కోసం మాట్లాడతారు. నేను ముందే ఒక గుర్తు చెప్పిపెడతాను: "మాట్లాడటం కుదరకపోతే పొయ్యి మీద పాలున్నాయి అనండి, నేను మళ్లీ చేస్తాను."

తర్వాత మీ కథ, మూడే వాక్యాల్లో. ఏం జబ్బు, ఏం ట్రీట్‌మెంట్, ఇప్పుడు ఎలా ఉన్నారు. "నాకూ రొమ్ములో గడ్డే అమ్మా. కీమో, ఆపరేషన్, కరెంటు పెట్టడం (రేడియేషన్) అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఇంటి పని, వంట నేనే చేసుకుంటున్నాను." ఇక ఆపేయండి. ఇంకా తెలుసుకోవాలంటే వాళ్లే అడుగుతారు. అడిగినదానికి మాత్రమే జవాబు.

ఆ తర్వాత ప్రశ్న. "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నానండీ" అనే వస్తుంది, మన అలవాటు అది. దాని బదులు ఇలా అడగండి:

- ఈ వారం దేనికి ఎక్కువ టెన్షన్‌గా ఉందమ్మా?
- రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది? అప్పుడు ఏం ఆలోచన వస్తుంది?
- ఇంట్లో ఎవరికీ చెప్పలేనిది ఏదైనా ఉందా?

రెండో ప్రశ్న నాకు చాలాసార్లు పనికొచ్చింది. దిగులు గురించి అడిగితే మాట్లాడని మగవాళ్లు కూడా నిద్ర గురించి అడిగితే మాట్లాడతారు.

అడిగాక ఆగండి. అవతల నిశ్శబ్దంగా ఉంటే మనసులో పది లెక్కపెట్టుకోండి. ఫోన్‌లో పది అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తెరవొద్దు. ఏడిస్తే "ఏడవకండి" అనొద్దు. "పర్లేదమ్మా, లైన్లోనే ఉన్నాను" చాలు. ముఖం కనబడదు కాబట్టి మధ్యమధ్యలో "ఊఁ" కొడుతూ ఉండండి, లేకపోతే కాల్ కట్టయిందనుకుంటారు.

వాళ్లు చెప్పింది విన్నాక వాళ్ల మాటల్లోనే తిరిగి అనండి. "అంటే, ఆపరేషన్ కన్నా మీ ఆయన ఏమనుకుంటాడో అన్నదే ఎక్కువ భయంగా ఉంది, అంతేనా?" తప్పయితే వాళ్లే సరిదిద్దుతారు. ఆ సరిదిద్దే మాటలోనే అసలు సంగతి బయటికి వస్తుంది.

చివరి రెండు నిమిషాలు తర్వాతి కాల్‌కి. "వచ్చే గురువారం మూడింటికి చేయనా?" అని టైము ఖాయం చేసుకోండి. "ఎప్పుడైనా ఫోన్ చేయండి" అన్నది మంచి మనసుతో అనే మాటే గానీ, వినేవాళ్లకు అది ఎప్పుడూ కాదన్నట్టే. ఎవరికీ ఇబ్బంది పెట్టకూడదనే మనస్తత్వం ఉన్నవాళ్లు ఆ మాట పట్టుకుని ఫోన్ చేయరు.

5. నోరు జారే మాటలు, వాటి బదులు అనదగినవి

"ధైర్యంగా ఉండండి." ఇది నాకు వచ్చినన్నిసార్లు ఏ మందూ నా ఒంట్లోకి వెళ్లలేదు. ఆ మాట విన్నాక భయంగా ఉందని చెప్పే దారి మూసుకుపోతుంది. "భయం వేస్తోందంటే వేయదా అమ్మా, నాకూ వేసింది" అనండి.

"మా పిన్నికి కూడా ఇదే, పాపం మూడు నెలల్లో..." ఇలాంటి వాక్యం సగంలో గుర్తొచ్చినా అక్కడే ఆపేయండి.

"మీకు తప్పకుండా తగ్గిపోతుంది." తెలియని సంగతి మీద మాట ఇవ్వొద్దు. "డాక్టర్లు ఏమన్నారు? మీరు ఏమనుకుంటున్నారు?" అని అడగొచ్చు.

"నాకు అర్థమైంది." పూర్తిగా అర్థం కాదు, ఒకే జబ్బు అయినా సరే. నాకు ఆపరేషన్ అప్పుడు మా అమ్మ పక్కనుంది. ఎవరూ లేని మనిషికి అదే ఆపరేషన్ వేరే సంగతి.

"ఏ పాపం చేశానో అమ్మా, నా ఖర్మ" అని వాళ్లే అంటే ఏం చేయాలి? వాదించొద్దు, వేదాంతం చెప్పొద్దు. "నేనూ అలాగే అనుకునేదాన్ని. ఎప్పుడు ఎక్కువ అనిపిస్తోంది మీకు?" అని అడగండి. చాలాసార్లు దాని వెనక ఎవరో అన్న ఒక మాట ఉంటుంది, అత్తగారిదో ఆడపడుచుదో.

పొగాకు సంగతి ఇంకా కష్టం. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లకు, అంటే నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్లకు, అంగిట్లో క్యాన్సర్ రావొచ్చు. గుట్కా నమిలినవాళ్లకు దవడలో రావొచ్చు. కారణం వాళ్లకూ తెలుసు, ఊరంతా చెబుతూనే ఉంటుంది. మనం ఆ లెక్క తేల్చక్కర్లేదు. మానలేకపోతున్నామని వాళ్లే చెప్పుకుంటే, ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పమనండి.

ఒక్కచోట మాత్రం గట్టిగా చెప్పాలి. కంచం, గ్లాసు వేరు పెట్టారని, మనవణ్ని దగ్గరకు రానివ్వడం లేదని ఎవరైనా చెబితే, క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదని స్పష్టంగా చెప్పండి. వాళ్లు ఒప్పుకుంటే ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడండి. ఒకే ఒక్క జాగ్రత్త: కీమో వేసిన మొదటి రెండు మూడు రోజులు వాంతులు, మలమూత్రాలు శుభ్రం చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. అది మందు కోసం, జబ్బు కోసం కాదు.

6. కీమో క్యాలెండర్ పట్టుకుని కాల్స్ పెట్టుకోండి

వారానికొకసారి అని లెక్కపెట్టి చేయడం కన్నా, ఏ రోజు మనసు కుంగుతుందో చూసుకుని చేస్తే మేలు. చాలా కీమోలు 21 రోజులకొకసారి ఉంటాయి. ఆ లెక్కలో:

ముందురోజు సాయంత్రం. ఐదు నిమిషాలు చాలు. సంచిలో ఏం పెట్టుకున్నారు, ఎవరు తోడు వస్తున్నారు, ఫైలు తీసుకున్నారా. మొదటి కీమో అయితే, ఎర్ర మందు ఎక్కిస్తారని డాక్టరు చెప్పి ఉంటే, మర్నాడు మూత్రం ఎర్రగా రావొచ్చని ముందే చెప్పండి. రక్తం అనుకుని హడలిపోయినవాళ్లున్నారు.

రెండు నుంచి ఐదో రోజు. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల మొదటి ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు, చిరాకు రావొచ్చు. అది ఆపేశాక ఒక్కసారిగా నీరసం, ఏడుపు. "నాకేదో అయిపోతోంది" అని ఫోన్ చేసేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. మందు వల్ల కూడా అలా ఉంటుందని తెలిస్తే చాలామందికి ఊరట.

ఏడు నుంచి పద్నాలుగో రోజు. తెల్ల కణాలు పడిపోయే రోజులివి. ప్రతి కాల్‌లో జ్వరం సంగతి అడగండి. ఇంట్లో థర్మామీటర్ ఉందా అని మొదటి వారమే అడిగిపెట్టుకోండి.

మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు. అన్ని మందులకూ ఊడదు, ఊడే మందయితే ఈ టైముకి దిండు మీద కుచ్చులు కనబడతాయి. ఆ రోజు కాల్ తప్పొద్దు. "మళ్లీ వస్తుందిలే" అన్నది నిజమే, కానీ ఆ రోజుకి పనికిరాదు. నేనైతే ముందే అడుగుతాను: "ఊడేదాకా ఆగుతారా, మీరే ముందు కత్తిరించుకుంటారా?" నిర్ణయం తమ చేతిలో ఉంటే కాస్త నిలదొక్కుకుంటారు.

స్కాన్‌కు, రిపోర్టుకు మధ్య. పెట్ స్కాన్ తీసి రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించదు. ఆ మధ్యలో ఒక కాల్. రిపోర్టు వచ్చిన రోజు మాత్రం మీ అంతట మీరు చేయొద్దు. వాళ్లు ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవాలి. "చెప్పాలనిపించినప్పుడు చెప్పండి" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకోండి.

ట్రీట్‌మెంట్ అయిపోయాక. దీన్ని అందరూ మర్చిపోతారు. స్వీట్లు పంచుతారు, చుట్టాలు వెళ్లిపోతారు, ఆసుపత్రి మళ్లీ మూడు నెలలకు రమ్మంటుంది. అప్పుడు మొదలవుతుంది దిగులు. నాకు నా చివరి రేడియేషన్ అయిన పది రోజులకు, కూరగాయలు తరుగుతూ, ఏ కారణమూ లేకుండా వెక్కివెక్కి ఏడుపొచ్చింది. ఇంట్లోవాళ్లు "ఇప్పుడెందుకు?" అన్నారు. ఆ రోజుల కోసం నాలుగు కాల్స్ విడిగా ఉంచుకోండి.

7. మందుల ప్రశ్నలు, డబ్బు ప్రశ్నలు

"మీకు ఏ మందు ఇచ్చారు? నాకు అది ఎందుకు ఇవ్వలేదు?" తప్పకుండా అడుగుతారు. ఒకే రొమ్ము క్యాన్సర్‌లోనూ రకాలు వేరు, మందులు వేరు. మందు పేరు చెప్పకుండా ప్రశ్నను కాగితం మీదకు మళ్లించండి: "రాసుకోండమ్మా. ఈసారి డాక్టరు గారిని ‘నాది ఏ రకం, నాకు ఈ మందే ఎందుకు’ అని అడగండి." ప్రతిసారీ మూడే ప్రశ్నలు. ఎక్కువుంటే ఓపీ హడావుడిలో ఒక్కటీ అడగలేరు.

మీరు నేరుగా చెప్పాల్సినవి రెండే:

- కీమోలో ఉండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా ఆపైన ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. అడగకుండా జ్వరం మాత్ర వేసుకుని కూర్చుంటే లోపలి ఇన్ఫెక్షన్ కనబడకుండా పోతుంది.
- పసరు, చెట్ల మందు, వాట్సాప్‌లో వచ్చిన కషాయం ఏదైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి. "అవన్నీ వేస్ట్" అని తిడితే మీకు చెప్పడం మానేస్తారు, వాడటం మాత్రం మానరు.

నొప్పి గురించి ఒక మాట. ఓర్చుకోవడం గొప్పనుకునేవాళ్లు మనలో చాలామంది. నొప్పి తగ్గించడం కూడా వైద్యమే, దానికి వేరే డాక్టర్లున్నారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం, అంటే నొప్పి, బాధ తగ్గించే విభాగం ఉంది. అక్కడికి పంపితే చేతులెత్తేసినట్టని అర్థం కాదు, ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే వెళ్లొచ్చు.

డబ్బు అడిగితే? ఇవ్వొద్దు, ఒక్కసారి కూడా. ఇది కటువుగా ఉంటుందని తెలుసు. కానీ ఇచ్చిన మర్నాటి నుంచి మీ ఫోన్ అప్పులవాళ్ల ఫోన్ అయిపోతుంది. వాళ్లు సిగ్గుతో ఎత్తరు. దాని బదులు ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ చూసేవాళ్లను కలవమని, రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు జిరాక్సులు తీసుకెళ్లమని చెప్పండి.

8. మామూలు దిగులా, ప్రమాదమా?

దిగులు ఎంతుందో అంకెలో అడగండి. సున్నా నుంచి పది వరకు ఎంత? ఆసుపత్రుల్లో వాడే కొలత కూడా ఇలాంటిదే, అక్కడ నాలుగు లేదా ఆపైన ఉంటే ఇంకాస్త లోతుగా చూస్తారు. పెద్దవాళ్లను నేను "రూపాయికి ఎన్నణాలమ్మా బెంగ?" అంటాను. పదహారణాల్లో ఆరేడు అణాలు దాటి వరసగా రెండు మూడు కాల్స్ అలాగే ఉంటే డాక్టరుకు చెప్పించాలి.

రెండు వారాలకు పైగా రోజూ ఇవి ఉంటే మానసిక వైద్యుల సాయం కావాలి:

- దేనిమీదా ఆసక్తి లేదు. ఇష్టమైన సీరియల్, మనవడు, దేవుడి గది, ఏదీ పట్టదు.
- తిండి, నిద్ర పూర్తిగా చెడ్డాయి, అది కీమో రోజుల వరకే పరిమితం కాలేదు.
- "నేను అందరికీ బరువు" అన్న మాట పదేపదే.
- కీమోకి వెళ్లనని మొండికేయడం.

"ఇంక చాలు, వెళ్లిపోతే బాగుండు" లాంటి మాట వస్తే చుట్టూ తిరగొద్దు. సూటిగా, మెల్లగా అడగండి: "చచ్చిపోవాలని, ఏదైనా చేసుకోవాలని అనిపిస్తోందా అమ్మా?" అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువ.

అవునంటే, ఈ వరసలో:

- ఫోన్ పెట్టేయొద్దు. ఇంట్లో ఎవరున్నారో అడిగి, వాళ్లను పక్కకు పిలిపించండి.
- ఇంట్లో ఎవరూ లేకపోతే ఇంకో ఫోన్‌తో మీకు నంబరు ఇచ్చినవాళ్లకు చెప్పండి.
- మాత్రల డబ్బాలు, పురుగుమందులు అందకుండా తీసేయమని, మనిషిని ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి.
- ప్రభుత్వ మానసిక సాయం లైను టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 108 లేదా 112.
- "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటే ఇవ్వొద్దు. మొదటి కాల్‌లోనే చెప్పిపెట్టుకోవాల్సింది ఇది: "మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, మీ ప్రాణానికి ముప్పుంటే తప్ప."

9. గ్రూపు పెట్టాలనుకుంటే

తొందరపడి పెట్టొద్దు. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనబడతాయి. రొమ్ము క్యాన్సర్ గ్రూపులో ఉన్న ఆడవాళ్ల నంబర్లు ఎవరి చేతికి వెళ్తాయో మీరు చెప్పలేరు. ముందు ఒక్కొక్కరిని అడిగి, సరే అన్నాకే చేర్చండి.

పెడితే పదిహేను మంది లోపు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, కషాయాలు, రిపోర్టు ఫొటోలు వద్దు. మనిషి పోయిన వార్త గ్రూపులో పడేయకూడదు. ముందు ఇద్దరు అడ్మిన్లు దగ్గరివాళ్లకు విడివిడిగా ఫోన్ చేసి చెప్పాలి. నేనున్న ఒక గ్రూపులో పొద్దున్న ఆరింటికి "ఓం శాంతి" ఫొటో పడింది. ఆ రోజు కీమోకి వెళ్లాల్సిన ఇద్దరు వెళ్లలేదు.

నెలకోసారి వీడియోలో కలుసుకుంటే బాగుంటుంది. గూగుల్ మీట్ ఉచితంగా వాడితే ముగ్గురు, ఆపైన ఉన్న కాల్‌కు గంటే ఇస్తుంది. ఆ గంట చాలు, కెమెరా ఆన్ చేయమని ఎవర్నీ అడగకండి.

10. జరిగే తప్పులు, దిద్దుకునే దారి

చెప్పిన టైముకి కాల్ చేయలేకపోయారు. కారణాల చిట్టా విప్పొద్దు. "నిన్న చేస్తానని చేయలేదు, తప్పు నాదే. ఇవాళ ఐదింటికి చేస్తాను." రెండోసారి కూడా తప్పితే మీ పని ఒత్తిడి ఎక్కువైందని ఒప్పుకుని వేరొకరిని చూడండి.

రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తున్నారు. ఎత్తకుండా తప్పించుకుంటే ఇంకా కంగారుపడతారు. ఎత్తి చెప్పండి: "అక్కా, నేను మంగళ, శుక్రవారాలు నాలుగింటికి తప్పకుండా ఉంటాను. మధ్యలో ఒంట్లో ఏదైనా ఇబ్బందయితే ఆసుపత్రి నంబరుకే చేయాలి." తర్వాత ఇంట్లో ఇంకెవరితో మాట్లాడగలరో ఇద్దరం కలిసి వెతకాలి.

ప్రతిసారీ భర్తే మాట్లాడుతున్నాడు. ఆయన భయం కూడా నిజమైనదే. పది నిమిషాలు ఆయనకిచ్చి, "ఇప్పుడు అమ్మగారితో ఒక్కదానితో మాట్లాడొచ్చా అన్నయ్యా?" అని అడగండి. ఆయనకు తోడు కావాలంటే, భార్యకు వైద్యం చేయించిన మరో మగమనిషి నంబరు ఇప్పించండి.

మీరు ఎక్కువ మాట్లాడేశారు. కాల్ అయ్యాక లెక్క చూసుకోండి, ఇరవై నిమిషాల్లో మీ వాటా ఎంత? ఐదు దాటితే తర్వాతి కాల్‌లో "పోయినసారి నేనే ఎక్కువ వాగాను, ఇవాళ మీ వంతు" అని నవ్వేయండి.

11. కాల్స్ ముగించడం

ట్రీట్‌మెంట్ అయిపోయాక వారం కాల్‌ను రెండు వారాలకు, తర్వాత నెలకు సాగదీయండి. చివరి కాల్ అని ముందే చెప్పండి. చెప్పాపెట్టకుండా ఆగిపోతే జబ్బు మీకే తిరగబెట్టిందేమో అని భయపడతారు.

జబ్బు వాళ్లకే తిరగబెడితే, మీ అనుభవం అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. "ఇక్కడి నుంచి నాకూ తెలియని దారి అమ్మా, కానీ ఫోన్ మాత్రం చేస్తూనే ఉంటాను" అనండి. అలాంటి దారిలో ఉన్న మరొకరు దొరికితే వాళ్లను కూడా కలపండి.

మనిషి పోతే, పెద్ద కర్మ అయిన తర్వాత ఇంట్లోవాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి. పోయిన మనిషి మీతో చెప్పుకున్న రహస్యాలు ఇంట్లోవాళ్లకు చెప్పొద్దు, అడిగినా సరే. "మీ గురించి ప్రేమగా మాట్లాడేది" అన్నది నిజమైతే ఆ మాట చెప్పండి. నోట్‌బుక్‌లో ఆ పేజీ చించేయండి. ఫోన్‌లో వాళ్లు పంపిన రిపోర్టుల ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు తీసేయండి. వాయిస్ తీసేయడం కష్టం, నేను ఒకటి ఏడాది ఉంచుకున్నాను.

ఆ నెలలో కొత్త నంబరు తీసుకోవద్దు. ఎవరైనా అడిగితే ఏ తారీఖు నుంచి చేయగలరో చెప్పండి. ఆ తారీఖు నోట్‌బుక్‌లో రాసుకోండి.